పెళ్ళికేకు: రాలేనివాళ్ళ వాటా



2018లో బ్రిటన్ రాజకుటుంబంలో రెండు నెలలు తిరక్కుండా రెండు వేడుకలు జరిగాయి. మే 19న విండ్సర్‌లో హ్యారీ, మేఘన్‌ల పెళ్ళి. వాళ్ళ కేకును లండన్‌లో బేకరీ నడిపే క్లెయిర్ ప్టాక్ చేశారు. 200 నిమ్మకాయలు, 500 గుడ్లు, 20 కిలోల వెన్న పట్టాయి. నిమ్మ రుచి, ఎల్డర్ పూల సిరప్పు, పైన మెత్తని బటర్ క్రీము, చుట్టూ తాజా పూలు. ఏ పూటకాపూట తినేయాల్సిన కేకు. జూలై 9న విలియం, కేట్‌ల మూడో బిడ్డ లూయీకి బాప్తిస్మం. ఆనాడు టీతో పాటు అతిథులకు పెట్టింది ఆ దంపతుల సొంత పెళ్ళికేకులో దాచిన ఒక అంతస్తు. వాళ్ళ పెళ్ళి 2011 ఏప్రిల్‌లో జరిగింది. అంటే ఏడేళ్ళు దాటిన కేకు.

ఏడేళ్ళనాటి కేకు ఎవరైనా తింటారా అనిపిస్తుంది. తింటారు. అలా నిలవ ఉంచి తినడానికే దాన్ని చేస్తారు. పిండి కన్నా ఎండుపళ్ళు ఎక్కువగా ఉండి, బ్రాందీతో తడిసి, బాదం ముద్ద, పంచదార పూత కప్పుకున్న కేకు అది. హ్యారీ పెళ్ళికేకు ఆ రోజు విందులో ఉన్నవాళ్ళది. విలియం పెళ్ళికేకు ఆ రోజు రాలేకపోయినవాళ్ళది, అప్పటికింకా పుట్టనివాళ్ళది కూడా. పెళ్ళికేకు ఇన్ని శతాబ్దాల్లో ఎన్ని వేషాలు మార్చినా, ప్రతి మార్పు వెనకా నాకు ఒక్క ప్రశ్నే కనబడుతుంది. ఈ తీపి ఎంత దూరం వెళ్ళాలి, ఎవరిదాకా చేరాలి?

పెళ్ళిలో రొట్టె పంచుకోవడం చాలా పాత సంగతి. ప్రాచీన రోమ్‌లో పెద్ద కుటుంబాల వివాహపద్ధతి ఒకటుండేది. ఫార్ అనే ఒక రకం గోధుమతో చేసిన రొట్టెను జూపిటర్ దేవుడికి నివేదించి వధూవరులు పంచుకునేవారు. ఇంగ్లండుకు వస్తే, 17వ శతాబ్దంలో రాబర్ట్ మే అనే పేరున్న వంటవాడు రాసిన పుస్తకంలో పెళ్ళికూతురి 'పై' ఒకటుంది. తీపి కాదు, మాంసం వంటకం. పిండి గూళ్ళలో కోడిజుట్లు, ఆల్చిప్పల మాంసం వంటివన్నీ కూరతారు. ఒక గూటిలో మాత్రం బతికున్న పిట్టలనో పామునో పెట్టమంటాడు, కోసేటప్పుడు అతిథులకు కాసేపు కాలక్షేపం అని. పెళ్ళిలో తిండి కొంత తినడానికి, కొంత చూడ్డానికి అన్న అలవాటు అప్పటికే స్థిరపడిందన్నమాట.

మనం ఇవాళ పెళ్ళికేకు అని పిలిచేదానికి కాగితం మీద తొలి రూపమిచ్చినావిడ ఎలిజబెత్ రఫాల్డ్. ఒక జమీందారు బంగళాలో ఇంటి పెత్తనం చూసి, తర్వాత మాంచెస్టర్‌లో మిఠాయి దుకాణం నడిపిన మనిషి. 1769లో వేసిన వంటపుస్తకంలో పెళ్ళికేకు ఎలా చేయాలో వివరంగా రాసింది. 4 పౌన్ల పిండి, 4 పౌన్ల వెన్న, 2 పౌన్ల పంచదార, 4 పౌన్ల ఎండు ద్రాక్ష. పిండి పౌనుకు 8 గుడ్ల చొప్పున 32 గుడ్లు. జాపత్రి, జాజికాయ, బాదంపప్పు, పంచదార పాకంలో ఊరిన నారింజ తొక్కలు, బ్రాందీ. వెన్నను చేత్తోనే మెదిపి క్రీములా చేయాలి. పచ్చసొనలను అరగంటకు తగ్గకుండా గిలక్కొట్టాలి. ఆ అరగంట చాదస్తం కాదు. అప్పటికి బేకింగ్ పౌడర్ లేదు. కేకు పొంగాలంటే గుడ్లలోకి గాలి ఎక్కించడమే దారి. వంటింట్లో ఎవరి జబ్బలో సత్తువ ఉందో ఆ సత్తువే కేకును పైకి లేపేది. కేకు పొయ్యిలోంచి తీశాక దానిమీద బాదం ముద్ద, ఆ పైన తెల్లని పంచదార పూత. ఈ రెండు పూతల పద్ధతిని ఇంగ్లండు రెండువందల ఏళ్ళకు పైగా వదల్లేదు.

ఆ తెల్ల పూత దగ్గర కాసేపు ఆగాలి. ఆ రోజుల్లో శుద్ధి చేసిన పంచదార శంకువు ఆకారంలో గట్టి దిమ్మగా, కాగితం చుట్టి దుకాణంలో దొరికేది. దాన్ని పటకారులాంటి కత్తెరతో ముక్కలు చేసి, దంచి, జల్లెడ పట్టాలి. ఎంత తెల్లగా ఉంటే అంత ఖరీదు. కాబట్టి తెల్లని కేకు అంటే పెళ్ళివారి కలిమికి కనబడే గుర్తు. పెళ్ళికూతురి పవిత్రత, నిర్మలత్వం అనే అర్థాలు ఆ తెలుపు చుట్టూ తర్వాత బాగా అల్లుకున్నాయి గాని, మొదట్లో అది డబ్బు రంగు. ఆ డబ్బు ఎక్కడిదో కూడా చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. కరీబియన్ దీవుల చెరకు తోటల్లో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చేత వెట్టి చేయించి పిండిన తీపి అది. 1834లో బ్రిటిష్ వలసల్లో బానిసత్వం చట్టరీత్యా పోయింది. చెరకు మాత్రం పోలేదు. బానిసల స్థానంలోకి ఒప్పంద కూలీలు కావాల్సొచ్చారు. అదే ఏడాది నుంచి మారిషస్‌కు, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు మన దేశం నుంచి ఓడలు వెళ్ళాయి. ఆ ఓడల్లో మన తెలుగువాళ్ళు ఉన్నారు. మారిషస్‌లో తెలుగువాళ్ళను చాలాకాలం 'కోరంగీలు' అని పిలిచారు, కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరుమీద. లండన్ పెళ్ళివిందుల్లో వెలిగిపోయిన తెల్లదనంలో గోదావరి, విశాఖ తీరాల పేదవాళ్ళ ఎముకల కష్టం కలిసి ఉంది. ఆ కాలపు పెళ్ళికేకు బొమ్మలు ఎంత అందంగా ఉన్నా, వాటిని చూసినప్పుడు కోరంగి రేవు నాకు గుర్తుకు రాకుండా ఉండదు.

1840 ఫిబ్రవరి 10న విక్టోరియా రాణి పెళ్ళయింది. ఆమె కేకు 300 పౌన్లు, అంటే దాదాపు 136 కిలోలు. చుట్టుకొలత తొమ్మిది అడుగులు, మందం 14 అంగుళాలు. ఒకే అంతస్తు, బండిచక్రమంత. పైన రోమన్ దుస్తుల్లో వధూవరుల బొమ్మలు, వాళ్ళను దీవిస్తున్న బ్రిటానియా దేవత. అంత కేకు ఒక్క విందులో తినడానికి కాదు. ముక్కలు కోసి, ముచ్చటైన డబ్బీల్లో పెట్టి పంచారు. డబ్బీ మీద రాణిగారి పెళ్ళికేకు అని, బకింగ్‌హామ్ భవనం పేరు, తేదీ అచ్చు వేశారు. అలాంటి డబ్బీ ఒకటి, లోపల ముక్కతో సహా, 2016లో లండన్ వేలంలో 1,500 పౌండ్లకు అమ్ముడుపోయింది. 176 ఏళ్ళు దాచుకున్నారు!

అంతస్తులు తర్వాత వచ్చాయి. 1858లో రాణిగారి పెద్దమ్మాయి పెళ్ళికి కేకు ఎత్తుగా లేపారు గాని, పై అంతస్తులు అచ్చంగా పంచదార పని. తినే కేకు అడుగున మాత్రమే. 1882లో చిన్న కొడుకు లియోపోల్డ్ పెళ్ళినాటికి అంతస్తులన్నీ నిజమైన కేకుతో నిలిచాయి. ఈలోగా 1874లో బ్రిటన్ పంచదార మీద సుంకం పూర్తిగా ఎత్తేసింది. రాజుల ఇంటి సోకు గుమాస్తాల ఇంటికీ, కొట్టువాళ్ళ ఇంటికీ దిగింది. మధ్యలో స్తంభాలు, పైన పూలగిన్నె, మూడు అంతస్తులు. మనం సినిమాల్లో చూసి ఇదే అనాదిగా ఉన్న పెళ్ళికేకు అనుకునే రూపానికి నిండా నూటయాభై ఏళ్ళు కూడా లేవు.

అంత బరువు ఒకదానిమీద ఒకటి ఎలా నిలుస్తుంది? ఆ పనితనం తెలిస్తేనే ఆ కేకు విలువ తెలుస్తుంది. ముందు కేకు. ఎండు ద్రాక్ష, కిస్‌మిస్, చెర్రీ ముక్కలు సారాలో నానాలి. తక్కువ మంట మీద గంటల తరబడి కాలాలి. కాల్చి చల్లారిన కేకుకు సన్న చువ్వతో రంధ్రాలు చేసి, వారానికోసారి చెంచాతో బ్రాందీ తాగిస్తారు. ఇలా వారాలు, నెలలు. పంచదార, సారా, ఎండుపళ్ళు కలిసి బూజుకు కావలసిన తేమను దక్కనివ్వవు. దానిమీద బాదం ముద్దను చపాతీలా వత్తి అంటిస్తారు. రుచి సరే, అది అడ్డుగోడ కూడా. అది లేకపోతే కేకులోని గోధుమరంగు తడి బయటికి ఊరి తెల్ల పూతకు మరకలు కడుతుంది. ముద్ద ఆరాక రాయల్ ఐసింగ్. గుడ్డు తెల్లసొనలో మెత్తని పంచదార పొడి, రెండు చుక్కల నిమ్మరసం వేసి, గరిటె పైకి లాగితే మొన నిలబడేదాకా గిలక్కొట్టాలి. పలచటి పూత వేసి, రాత్రంతా ఆరనిచ్చి, సన్నటి గరుకు కాగితంతో రుద్ది నునుపు చేసి మళ్ళీ పూత. ఇలా మూడుసార్లు. చివరికి అది పింగాణీలా గట్టిపడుతుంది. ఆ గట్టిదనమే పై అంతస్తుల బరువు మోసేది.

తర్వాత పూలపని. గోరింటాకు కోన్ పట్టుకున్నట్టే కాగితం కోన్ పట్టి, ఐసింగ్‌ను నూలుపోగులా దింపుతారు. ఒక పోగు ఆరాక దానిమీద ఇంకో పోగు, దానిమీద ఇంకొకటి. కేకు అంచున తోరణాలు గాల్లో వేలాడుతున్నట్టు కనిపిస్తాయి. చేయి వణికితే తోరణం తెగుతుంది. గాల్లో తేమ ఎక్కువైతే ఆరదు. జోసెఫ్ లాంబెత్ అనే ఇంగ్లిష్ పనివాడు ఈ పోగుల పద్ధతికి పేరు తెచ్చి, 1934లో పెద్ద పుస్తకం వేశాడు. పుస్తకం పాతబడి, పద్ధతి మరుగున పడి, ఇప్పుడు ఫోన్లలో చూసి మళ్ళీ అదే కావాలంటున్నారు కుర్ర జంటలు. రాయల్ ఐసింగ్ బదులు బటర్ క్రీముతో చేస్తున్నారంతే. అలా ఒక చేతిపని తిరిగి రావడం నాకు చాలా సంతోషం.

ఆ కేకును ఎలా పంచేవారో చూడండి. వచ్చిన అతిథికి ఒక ముక్క. రాలేని బంధువుకు చిన్న అట్టడబ్బీలో పెట్టి పోస్టులో ఒక ముక్క. పెళ్ళికాని ఆడపిల్ల ఆ ముక్కను తలగడ కింద పెట్టుకుని పడుకుంటే కాబోయేవాడు కలలో కనిపిస్తాడని నమ్మకం. అందుకని ముక్కను ముందు పెళ్ళి ఉంగరంలోంచి దూర్చి ఇచ్చేవారు. పై అంతస్తు మాత్రం కదిలించరు. తొలిచూలు బిడ్డ బాప్తిస్మానికి దాన్ని దించుతారు. ఒక పెళ్ళిలో చేసిన తీపి ఊళ్ళు దాటింది, ఏళ్ళు దాటింది.

ఈ పెళ్ళికేకుకు కష్టకాలం రెండో ప్రపంచయుద్ధంలో వచ్చింది. పంచదార, వెన్న, గుడ్లు అన్నీ రేషను. 1940లో కేకుల మీద పంచదార పూత వేయడాన్నే బ్రిటన్ ప్రభుత్వం నిషేధించింది. జనం ఏం చేశారో తెలుసా? బేకరీల నుంచి అట్టతో, ప్లాస్టర్‌తో చేసిన మూడంతస్తుల తెల్లని తొడుగులు అద్దెకు తెచ్చుకున్నారు. ఫోటో అయ్యాక తొడుగు ఎత్తితే లోపల చుట్టాలూ పక్కాలూ తలా కాస్త రేషను ఇస్తే చేసిన చిన్న కేకు. ఆ ఫోటోలు చూస్తే నాకు జాలికన్నా గౌరవమే కలుగుతుంది. బాంబులు పడుతున్న ఊళ్ళో కూడా అమ్మాయి పెళ్ళి అమ్మాయి పెళ్ళిలాగే కనిపించాలని తాపత్రయపడ్డారు.

యుద్ధం ముగిసినా రేషను పోలేదు. 1947 నవంబరు 20న యువరాణి ఎలిజబెత్, ఫిలిప్‌ల పెళ్ళి. ఆ కేకు తొమ్మిది అడుగుల ఎత్తు, నాలుగు అంతస్తులు, 500 పౌన్లు. మెక్‌విటీ అండ్ ప్రైస్ సంస్థ చేసింది. ఎండుపళ్ళు, పంచదార ఆస్ట్రేలియా నుంచి గర్ల్ గైడ్స్ పిల్లలు పంపారు. అందుకే దాన్ని పదివేల మైళ్ళ కేకు అన్నారు. దినుసులు దూరం నుంచి వచ్చాయి, ముక్కలు మళ్ళీ దూరాలకు వెళ్ళాయి. స్కాట్లండులో రాజకుటుంబపు కొలువులో ఉన్న ఒక ఉద్యోగినికి పంపిన ముక్క ఆమె సామానులో డబ్బీతో సహా నిలిచి, 2024లో 2,200 పౌండ్లకు వేలంలో పోయింది.

తర్వాత ఈ కేకు ఎందుకు వెనకబడింది? ఒక కారణం రుచి. ముదురు పండ్ల కేకు, పళ్ళు దిగని ఐసింగ్ అందరికీ నచ్చదు. 1980ల నుంచి చుట్టి కప్పే మెత్తని పంచదార ముద్ద, మనవాళ్ళు ఫాండెంట్ అనేది, బ్రిటన్‌లో బాగా వ్యాపించింది. మూడు రోజుల ఐసింగ్ పని ఒక పూటలో తేలిపోయింది. అమెరికాలో అయితే బేకింగ్ పౌడర్ వచ్చినప్పటి నుంచే తేలికైన తెల్లకేకుల మీద మోజు ఉంది. న్యూయార్క్‌లో సిల్వియా వైన్‌స్టాక్ అనే ఆవిడ పంచదారతో ఒక్కొక్క రేకు అతికించి చేసిన పూలు నిజం పూలేమో అని భ్రమ పెట్టేవి. ఇంకా పెద్ద కారణం కెమెరా అని నేననుకుంటాను. కేకు కోసే ఫోటో ముఖ్యమయ్యాక, కోసిన ముక్క ఎటు పోయిందన్నది ఎవరికీ పట్టలేదు. జపాన్‌లో ఈ దారి చివరిదాకా వెళ్ళింది. ఒకప్పుడు అక్కడి కల్యాణమంటపాల్లో నిలువెత్తు నకిలీ కేకులు పెట్టేవారు. కత్తి దిగడానికి ఒకచోట సందు ఉండేది. ఇప్పుడు అక్కడ కూడా తాజా క్రీము కేకులే ఎక్కువ అడుగుతున్నారు.

పాత ఉద్దేశాన్ని ఇంకా పట్టుకుని ఉన్న చోటు మనకు దగ్గర్లోనే ఉంది, శ్రీలంక. అక్కడి పెళ్ళికేకు వలస పాలకుల నుంచి వచ్చినా ఆ నేల రుచి పట్టింది. బొంబాయిరవ్వ, జీడిపప్పు, పాకంలో ఊరిన బూడిద గుమ్మడికాయ, తేనె, గులాబీ ఎసెన్సు. వేదిక మీద ఎత్తుగా నిలబెట్టేది అలంకారానికే. అసలు కేకు రెండు వేళ్ళంత ముక్కలుగా, కాగితం చుట్టి, చిన్న పెట్టెల్లో వెళ్ళేటప్పుడు ప్రతి అతిథి చేతికీ వస్తుంది. ఇంటికి తీసుకెళ్ళి, రాలేని ముసలమ్మకు ఇవ్వవచ్చు. వేదిక మీది డమ్మీని నేను తప్పుపట్టను. దాని పక్కన ఈ పెట్టె ఉన్నంతకాలం అది ఎవరినీ మోసం చేయదు.

ఇక మన సంగతి. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో చర్చిలో వివాహ ఆరాధన అయ్యాక విందులో కేకు కోయడం తరాల నుంచి ఉంది. తాళి, ఉంగరాలు, కేకు మూడూ ఒకే పెళ్ళిలో పొందిగ్గా ఇమిడిపోయాయి. ఇప్పుడు మతం ఏదైనా రిసెప్షన్ అంటే కేకు ఉంటోంది. మన బేకరీవాళ్ళు దాన్ని మన వాతావరణానికి వంచారు. మే నెల ముహూర్తాలకు నలభై దాటిన ఎండలో అసలు వెన్న క్రీము నిలవదు. అందుకే నూనె పదార్థంతో చేసిన విప్పింగ్ క్రీము, బోర్డు మీద 'కూల్ కేక్' అని రాసేది. గుడ్డు తినని ఇళ్ళకోసం ఎగ్‌లెస్. అయిదంతస్తులు కావాలంటే నాలుగు థర్మాకోల్, ఒకటి నిజం. ఇందులో తెలివి ఉంది, కష్టం ఉంది. ఒక సంగతి మాత్రం నాకు మింగుడుపడదు. కోసిన మొదటి ముక్కను పెళ్ళికొడుకు ముఖానికి పూయడం, నురుగు స్ప్రేలు కొట్టి కేకు తినడానికి లేకుండా చేయడం. అన్నం మెతుకు కింద పడితే కళ్ళకద్దుకునే ఇళ్ళలో ఇది ఎలా ఒప్పుకుంటున్నారు?

రాలేనివాళ్ళకు తీపి పంపడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. పెళ్ళికూతురితో వచ్చిన సారె ఎందుకు? లడ్లు, అరిసెలు, కాజాలు, తెలంగాణలో సకినాలు. ఇవన్నీ రోజుల తరబడి పాడవని వంటకాలే, వీధిలో ప్రతి గడపకూ చేరాలి కాబట్టి. కొత్త కోడలిని చూడ్డానికి రాలేని మంచంపట్టిన మనిషికి కూడా ఆకులో ఒక అరిసె వెళ్తుంది. విక్టోరియా రాణి డబ్బీలు చేసిన పనీ అదే.

కేకు పెట్టదలచుకున్న పెళ్ళివారికి ఒక్క సంగతి చెబుతాను. వేదిక మీద మీకు నచ్చిన క్రీము కేకు పెట్టుకోండి. దానితో పాటు మీ ఊరి బేకరీలో నాలుగు కిలోల ప్లమ్ కేకు చెప్పండి. డిసెంబరులో క్రిస్మస్‌కు చేసే పనివాళ్ళే మేలో కూడా చేయగలరు, ముందుగా అడగాలంతే. మే పెళ్ళికి ఫిబ్రవరిలో పళ్ళు సారాలో నానబెట్టించండి. సారా వద్దనుకుంటే, కాల్చే ముందు రాత్రి నారింజ రసంలో నానబెట్టవచ్చు. అప్పుడు కేకు నెలలు ఆగదు, పెళ్ళికి రెండు రోజుల ముందు కాల్చి, వారం లోపల పంచేయాలి. చల్లారి, ఒక రోజు గడిచాక పదునైన కత్తితో కోస్తే ముక్క విరగదు. బటర్ పేపరు చుట్టి, పెట్టెలో పెట్టి, పైన ఇద్దరి పేర్లు, తేదీ రాయండి. ముందుగా అమెరికాలో ఉండిపోయిన మేనత్తకు, ఆసుపత్రిలో ఉన్న మామయ్యకు, పిలిచినా సెలవు దొరకని స్నేహితుడికి ఎన్ని పెట్టెలు కావాలో లెక్క వేసుకోండి. మిగిలినవి పందిట్లో పంచవచ్చు.